ట్రామా థెరపీ రివ్యూ: మళ్లీ మళ్లీ చెప్పిస్తారు, అదే వైద్యం

యాక్సిడెంట్ అయ్యాక దెబ్బలు మానిపోయాయి కానీ నిద్ర పోయింది, వెనక నుంచి హారన్ మోగితే చాలు ఒళ్లంతా చెమటలు, ఆ రోడ్డు మీదుగా వెళ్లాల్సి వస్తే ఏదో ఒక సాకు. ఇంట్లో వాళ్లేమో "మర్చిపోవే" అంటారు. మర్చిపోవడం మన చేతిలో ఉంటే ఇంకేం!

ముందు ఒక యాప్‌లో చాట్ కౌన్సెలింగ్ తీసుకున్నాను, పేరు చెప్పను. మొదటిసారే జరిగిందంతా వివరంగా రాయమన్నారు, రాస్తూ రాస్తూ వణికిపోతుంటే టైమ్ అయిపోయిందని చాట్ మూసేశారు. దానికి సున్నా మార్కులు.

తర్వాత ట్రామాలో, అంటే ఘోరమైన ఘటనలు మనసుకు చేసే గాయాల్లో, ట్రైనింగ్ ఉన్న థెరపిస్ట్ దగ్గర తీసుకున్నది ప్రొలాంగ్డ్ ఎక్స్‌పోజర్. ఎడ్నా ఫోవా అనే సైకాలజిస్ట్ అభివృద్ధి చేసిన పద్ధతి, మామూలుగా 8 నుంచి 15 సిట్టింగులు, ఒక్కొక్కటి గంటన్నర దాకా. మొదట్లో యాక్సిడెంట్ కథ జోలికే పోలేదు, ఈ భయం ఎలా పనిచేస్తుందో చెప్పారు. పెద్ద దెబ్బ తగిలాక చాలామంది కొన్ని వారాల్లో వాళ్లంతట వాళ్లే తేరుకుంటారట, పీడకలలు, ఉలికిపాటు, తప్పించుకు తిరగడం నెల దాటినా తగ్గక రోజువారీ పనులకు అడ్డం పడుతుంటేనే పీటీఎస్‌డీ (ఘోరమైన ఘటన తర్వాత వచ్చే మానసిక సమస్య) అని ఆలోచిస్తారట. తప్పించుకున్న ప్రతిసారీ హాయిగా ఉంటుంది, కానీ అక్కడ ఇప్పుడు ప్రమాదం లేదని మెదడుకు తెలిసే అవకాశమే పోతుంది, భయం అలాగే ఉండిపోతుంది. ఈ ఒక్క ముక్క అర్థమయ్యాక నా మీద నాకున్న చిరాకు సగం తగ్గింది.

ఆ తర్వాత అసలు పని. కళ్లు మూసుకుని "లారీ వస్తోంది, బ్రేక్ తొక్కుతున్నాను" అంటూ ఇప్పుడే జరుగుతున్నట్టు చెప్పాలి, అయిపోతే మళ్లీ మొదటి నుంచి. దాన్ని రికార్డు చేసి ఇంటికిస్తారు, రోజూ వినాలి. యాప్‌లోనూ చెప్పాను కదా, తేడా ఏంటంటే ఇక్కడ భయం పైకి లేచిన చోట వదిలేయరు, దానితో కాసేపు ఉండనిస్తారు, తర్వాత కూర్చుని ఆ క్షణం గురించి మాట్లాడతారు. తప్పు నాదేనని ఇన్నాళ్లు మోసింది ఆ మాటల్లోనే కదిలింది. ఇంకోపక్క తప్పించుకునే పనులన్నిటికీ 0 నుంచి 100 దాకా భయం మార్కులు వేసి, తక్కువ వాటితో మొదలుపెట్టి చేయించారు: ఆగి ఉన్న కారులో కూర్చోవడం, తర్వాత పక్క సీట్లో వెళ్లడం, అలా.

ఇక తిట్టాల్సినవి. హోంవర్క్ దారుణం, సొంత గొంతు వినడమే ఒక శిక్ష. మధ్యలో కొన్నాళ్లు పీడకలలు పెరిగాయి కూడా, అలా జరగొచ్చని ముందే చెప్పారు కాబట్టి మానేయలేదు కానీ చెప్పకపోయుంటే కచ్చితంగా పారిపోయేదాన్ని.

అందరికీ ఇదే సరిపోతుందని అనను. కొట్టే మనిషితో ఇంకా అదే ఇంట్లో ఉన్నవాళ్లకీ, చనిపోవాలన్న ఆలోచనలు గట్టిగా వస్తున్నవాళ్లకీ ముందు భద్రత చూడాలి, పాత జ్ఞాపకాలు తర్వాత. కళ్లు అటూ ఇటూ కదిపిస్తూ చేసే ఈఎమ్‌డీఆర్ అనే ఇంకో థెరపీ కూడా ఉంది. ఆ కళ్ల కదలిక నిజంగా అవసరమా అని నిపుణులు ఇంకా వాదించుకుంటున్నారు, అయినా ట్రామా మీద దృష్టి పెట్టే సీబీటీతో (ఆలోచనల్నీ అలవాట్లనీ మార్చే మాటల వైద్యం) పాటు దాన్నీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2013లో సిఫారసు చేసింది. మందుల సంగతి డాక్టర్‌తోనే తేల్చుకోండి, నిద్ర కోసం సొంతంగా మత్తు మాత్రలు మాత్రం వద్దు.

ఇప్పుడు కారు నడుపుతున్నాను. వర్షం రాత్రుల్లో ఇంకా స్టీరింగ్ గట్టిగానే పట్టుకుంటాను. అందుకే 5కి 4. చేరే ముందు థెరపిస్ట్‌ని అడగండి: ఏ పద్ధతి, సుమారు ఎన్ని సిట్టింగులు, తగ్గుతోందని ఎలా కొలుస్తారు? "ఊరికే మాట్లాడుకుందాం, చూద్దాం" అన్నారంటే ఇంకొకరిని వెతుక్కోండి.