స్కూటీ మీద పిల్లల బెల్ట్: రెండేళ్లు దాటి వాడాక

ముందే చెప్పేస్తాను. బండి పడితే ఈ బెల్ట్ పిల్లని కాపాడదు. నడుస్తున్న బండి మీంచి పిల్ల జారిపోకుండా మాత్రం కాపాడుతుంది. ఈ రెండిటికీ చాలా తేడా ఉంది. అమ్మేవాళ్లు ఆ తేడా చెప్పరు, కొనేవాళ్లు అడగరు. అది తెలిసి వాడితే, రోజూ బండి మీద తిరగక తప్పని ఇళ్లకు ఆ ధరలో ఇంతకంటే పనికొచ్చే వస్తువు నాకు కనబడలేదు.

మాది విజయవాడ. సత్యనారాయణపురంలో మా ఇల్లు, పటమటలో మా అమ్మవాళ్ల ఇల్లు. పొద్దున్నే బుజ్జిదాన్ని అమ్మ దగ్గర దింపి ఆఫీసుకి పోవాలి, సాయంత్రం మళ్లీ తెచ్చుకోవాలి. మా ఆయనవి షిఫ్టులు, ఆయన మీద లెక్క పెట్టుకోలేం. రోజూ రెండు పూటలా ఆటో అంటే జీతంలో ఒక ముక్క దానికే పోతుంది. అందుకని స్కూటీ. దానికి ఏడాదిన్నర ఉన్నప్పుడు బెల్ట్ కొన్నాం, ఇప్పుడు నాలుగో పుట్టినరోజు దగ్గర పడుతోంది.

మా వీధిలో ఎక్కువమంది పిల్లల్ని ముందు నిలబెట్టుకునే తీసుకెళ్తారు. మా అత్తగారు కూడా అదే అన్నారు, "ముందుంటే కళ్లెదురుగా ఉంటుంది కదమ్మా" అని. నిజమే, కనబడుతుంది. కానీ గట్టిగా బ్రేక్ వేస్తే పిల్ల గడ్డం వెళ్లి తగిలేది హ్యాండిల్‌కే. దుమ్మంతా ముందు దాని కళ్లలోకే వస్తుంది. ఇంకో సంగతి, రెండేళ్ల పిల్లకి చేతికి అందేది ఏదైనా తిప్పబుద్ధవుతుంది, ముందు నిలబడితే అందేది యాక్సిలరేటర్. ముందు భాగంలో బిగించే చిన్న ఇనప సీట్లు కూడా దొరుకుతాయి. అందులో కూర్చున్నా ముఖం హ్యాండిల్ ముందరే ఉంటుంది కాబట్టి నేను దాని జోలికి పోలేదు.

రూల్ సంగతి చాలామందికి తెలియదు కాబట్టి చెబుతున్నా. కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 138(7) కింద నాలుగేళ్ల లోపు పిల్లల్ని టూవీలర్ మీద తీసుకెళ్లేటప్పుడు బెల్ట్ ఉండాలి. తొమ్మిది నెలలు దాటిన దగ్గర్నుంచి హెల్మెట్ కూడా ఉండాలి. బండి గంటకు 40 కిలోమీటర్లు మించకూడదు. 2022 ఫిబ్రవరిలో ప్రకటించి, ఏడాది గడువిచ్చి, 2023 ఫిబ్రవరి 15 నుంచి అమలు అన్నారు. బెల్ట్ ఎలా ఉండాలో కూడా అందులో ఉంది: తేలిగ్గా ఉండాలి, సైజు మార్చుకోగలగాలి, గట్టి నైలాన్‌తో చేసి లోపల ఫోమ్ పెట్టాలి, 30 కిలోల బరువు ఆపాలి, నీళ్లకు తట్టుకోవాలి. మాది ఆ చివరి పరీక్షలో ఫెయిల్. దాని గురించి కింద చెబుతా. 40 స్పీడు షరతు మాత్రం ఏలూరు రోడ్డులో సాయంత్రం పూట మీరు కావాలన్నా తప్పలేరు.

బెల్ట్ చూడ్డానికి చిన్న కోటులా ఉంటుంది. మొదట పిల్లకి తొడిగి, ఛాతీ మీద క్లిప్ పెట్టి, కాళ్ల మధ్యనుంచి పట్టీ తీసి బిగించాలి. పిల్ల మన వెనక కూర్చుంటుంది, ఆ కోటుకున్న రెండు పెద్ద పట్టీలు మన భుజాలకు స్కూలు బ్యాగులా తగిలించుకుని, నడుం దగ్గర ఇంకో క్లిప్ పెట్టుకోవాలి. కాళ్ల మధ్య పట్టీ లేని బెల్ట్‌లు వందో రెండొందలో తక్కువకి దొరుకుతాయి, అవి కొనకండి. నిద్రలో పిల్ల ఒళ్లు వదిలేస్తే కిందనుంచి జారడానికి అందులో దారి ఉంటుంది.

ఇంట్లో ఎవరైనా ఉంటే ఇదంతా అర నిమిషం పని. ఒక్కరే ఉంటే మాత్రం ఒక వరస పెట్టుకోవాలి. కోటు గుమ్మంలోనే తొడిగేస్తాను. బండి సెంటర్ స్టాండ్ మీదే ఉండాలి, సైడ్ స్టాండ్ మీద ఒరిగి ఉంటే పిల్ల కూడా ఒరిగిపోతుంది. దాన్ని సీటు మీద కూర్చోబెట్టి, ఒక చెయ్యి దాని మీదే ఉంచి, నేను ముందు ఎక్కి, పట్టీలు తగిలించుకుని, క్లిప్‌లన్నీ ఒకసారి తడిమి చూసుకుని, అప్పుడు బండిని ముందుకు నెట్టి స్టాండ్ దించుతాను. ఆ కుదుపంటే మా బుజ్జిదానికి ప్రాణం. "అమ్మా, మళ్లీ!" అంటుంది. ఆఫీసు టైమయిపోతుంటే మళ్లీ స్టాండ్ వేసి ఎక్కడ దించను! దిగేటప్పుడు ఎప్పుడూ ఎడమవైపే దింపాలి. కుడివైపు సైలెన్సర్ ఉంటుంది, అది కాలుతుంటుంది, పిల్లలకేమో అటే దిగాలనిపిస్తుంది.

చీర కట్టుకున్న రోజు ఈ బెల్ట్‌తో నాకు గొడవే. భుజం పట్టీ కింద కుచ్చిళ్లు నలిగి, పిన్ను ఊడి, ఆఫీసుకి చేరేసరికి పెళ్లిలో వడ్డించి వచ్చినట్టు తయారవుతాను. చుడీదార్ అయితే చున్నీని ముందే నడుముకి బిగించి, దాని మీద పట్టీ వేసుకుంటే సరిపోతుంది. బెల్ట్ ఉన్నా లేకపోయినా చున్నీ వదిలేసి బండి నడపకూడదు అనుకోండి. ఇంట్లో ఇద్దరూ వాడేదైతే పట్టీల పొడుగు రోజూ మార్చుకోవాల్సి వస్తుంది. మా ఆయన భుజాలకి సరిపోయేది నాకు వదులు. నేను పట్టీ మీద నెయిల్ పాలిష్‌తో రెండు గీతలు పెట్టాను, ఎర్రది నాది, గులాబీది ఆయనది. అమ్మేవాళ్లే అలాంటి గుర్తులు వేసి ఇవ్వచ్చు.

ఈ బెల్ట్ కొనడానికి అసలు కారణం నిద్ర. కదిలే బండి మీద పసిపిల్లలు ఎంత తొందరగా నిద్రపోతారో తల్లులకి చెప్పక్కర్లేదు. బెల్ట్ లేనప్పుడు వెనక ఇంకో మనిషి లేకుండా తీసుకెళ్లే ధైర్యం చెయ్యలేదు. బెల్ట్ వచ్చాక ఒళ్లు జారడం లేదు. కానీ తల! మెడ ఒక పక్కకి వాలిపోతుంది, పైన హెల్మెట్ బరువు కూడా ఉంటే ఇంకా వాలుతుంది. ఏ బెల్ట్‌లోనూ దీనికి మందు లేదు, ఫోటోల్లో పిల్లాడు హాయిగా వీపుకి ఆనుకుని నిద్రపోతున్నట్టు చూపిస్తే నమ్మకండి. మధ్యాహ్నం అన్నం తిన్నాక మేం బండి ఎక్కం, అంతే. మిగతా వేళల్లో దాన్ని మాట్లాడిస్తూ ఉంటాను. ఎడమ అద్దం కాస్త కిందికి వంచితే దాని హెల్మెట్ కనబడుతుంది గానీ ముఖం కనబడదు. కాబట్టి నాకు ఆధారం దాని గొంతే. కాలువ వచ్చిందా? వచ్చింది. నీళ్లున్నాయా? ఉన్నాయి. విజయవాడలో కాలువలకు కొదవ లేదు కదా, ఒకటి దాటితే ఇంకోటి. బందరు రోడ్డు మీదుగా వెళ్లే రోజు అంబేడ్కర్ విగ్రహం దూరం నుంచే కనబడుతుంది. 2024 జనవరిలో పెట్టారు, విగ్రహమే 125 అడుగులు, కింద పీఠంతో కలిపి 206. మా దానికి ఆయన "పేద్ద తాత". వెళ్లేటప్పుడు టాటా, వచ్చేటప్పుడు టాటా. టాటా వినబడలేదంటే కునుకు మొదలైందని అర్థం, బండి పక్కకి తీసి ఆపేస్తాను. దిగి నాలుగడుగులు నడిపిస్తే మళ్లీ హుషారు. ఆలస్యం అవుతుంది, అవనివ్వండి.

ఈ బెల్ట్ వల్ల ఆదివారాలు మారాయి. అంతకుముందు ముగ్గురం కలిసి కారు మాట్లాడుకుంటేనే బయటికి. ఇప్పుడు ఆయన డ్యూటీలో ఉన్నా నేనూ అదీ పొద్దున్నే ప్రకాశం బ్యారేజీ మీదికి వెళ్లిపోతాం. దాని మీద భారీ వాహనాలు రావు కాబట్టి చిన్న పిల్లతో వెళ్లడానికి పర్వాలేదు. 70 గేట్లు లెక్కపెట్టాలని దాని పట్టుదల, వచ్చేది మాత్రం ఐదు దాకానే, ఆ తర్వాత మళ్లీ ఒకటి. ఆ పైన గాలి చాలా గట్టిగా ఉంటుంది. తేలిక పిల్లని బెల్ట్ లేకుండా అక్కడ వెనక కూర్చోబెట్టుకుని నడపడం నాకు ఊహకే రాదు. మధ్యలో ఆపితే వెనక హారన్లు మోగుతాయి, అందుకని అటు చివర సీతానగరంలో దిగి నది చూస్తాం.

అక్కడినుంచి ఉండవల్లి గుహలు దగ్గరే. ఒకే కొండని తొలిచిన నాలుగు అంతస్తుల గుడి, పైన పడుకున్న అనంత పద్మనాభస్వామి పెద్ద విగ్రహం. మా బుజ్జిది గట్టిగా "ష్, సామి బజ్జున్నాడు" అని అక్కడున్న వాళ్లందరికీ చెప్పింది. దాని "ష్" కింది అంతస్తుకి కూడా వినబడి ఉంటుంది. పురావస్తు శాఖ వాళ్ల చోటు కాబట్టి పదిహేనేళ్ల లోపు పిల్లలకి టికెట్ లేదు. మెట్లు ఎక్కేటప్పుడు ఈ బెల్ట్ కోటు తీయకుండా ఉంచి, వెనక పట్టీ నా చేత్తో పట్టుకున్నాను. బెల్ట్ దానికోసం కాదు గానీ, గునగున పరిగెత్తే వయసులో రాతి మెట్ల మీద అదో సాయం. కొండపల్లికి మాత్రం బండి మీద వెళ్లలేదు. ఇరవై కిలోమీటర్ల దాకా హైవే మీద లారీల పక్కన, వెనక పసిపిల్లతో? బస్సులో వెళ్లి చెక్క ఏనుగు కొనుక్కొచ్చాం.

ఎండాకాలం ఈ బెల్ట్‌కి పరీక్ష. ఏప్రిల్, మే నెలల్లో మా ఊరి ఎండ తెలిసిందే. దాని పొట్ట నా వీపుకి ఆనుకుని, మధ్యలో ఫోమ్, ఎక్కడా గాలి ఆడదు. మొదటి వేసవిలో దాని మెడ కింద, ఛాతీ మీద చెమటకాయలు లేచాయి. లోపల పల్చటి నూలు చొక్కా వేసి, పొద్దున ఎనిమిదిలోపు, సాయంత్రం ఆరు తర్వాత మాత్రమే తిప్పితే తగ్గాయి. పట్టీలకి ఉండే ఇనప ముక్కలు ఎండలో కాలిపోతాయి, బండి మీద బెల్ట్ వదిలేసి వెళ్లకండి. వానాకాలం ఇంకో బాధ. నీళ్లకు తట్టుకోవాలన్న రూల్ ఫోమ్‌కి తెలియదు, ఒకసారి తడిస్తే ఫ్యాన్ కింద రాత్రంతా ఆరాలి. సరిగా ఆరకపోతే వచ్చే కంపు నాలుగు ఉతుకులకు గానీ పోదు. మిషన్లో వెయ్యకుండా బకెట్లో సబ్బు నీళ్లలో ముంచి ఉతుకుతాను.

రెండో ఏడాది మొదట్లో నడుం క్లిప్ పన్ను విరిగింది. అదృష్టం, ఇంట్లో పెట్టుకుంటుండగా విరిగింది. అమ్మిన వాళ్లకి రాస్తే విడిగా క్లిప్ ఇవ్వం, కొత్త బెల్ట్ కొనుక్కోండి అన్నారు. పేరు చెప్పి లాభం లేదు, ఒకే బెల్ట్ ఆన్‌లైన్‌లో పది పేర్లతో ఉంటుంది. బీసెంట్ రోడ్డు దగ్గర సంచులు, సూట్‌కేసులు బాగుచేసే ఆయన పాత ట్రెక్కింగ్ బ్యాగు క్లిప్ తీసి వేసిచ్చాడు. అసలు దానికంటే ఇదే గట్టిగా ఉంది. కొనేటప్పుడు సన్న ప్లాస్టిక్ క్లిప్‌లు ఉన్నవి వదిలేయండి. కుట్టు చూడండి, పట్టీ కోటుకి కలిసే చోట గుణకారం గుర్తులా అడ్డంగా కుట్టి ఉండాలి, ఒంటి వరస కుట్టు అయితే వద్దు. ఇంకో లోపం, సైజు పట్టీలు వాడేకొద్దీ వాటంతట అవే వదులవుతాయి. వారానికోసారి లాగి చూడకపోతే తెలియదు.

నిజం చెప్పాలంటే బెల్ట్ కంటే హెల్మెట్ కష్టం. రెండేళ్ల పిల్లల తల చుట్టుకొలత 47, 48 సెంటీమీటర్లు ఉంటుంది. షాపుల్లో "పిల్లలది" అని ఇచ్చేవి చాలావరకు ఆరేడేళ్ల వాళ్లవి, మా దాని తలమీద పెడితే కళ్లు మూసుకుపోయాయి. టేపు పట్టుకెళ్లి కొలిచి కొనండి. ప్రమాణాలు ఉన్న చిన్న సైకిల్ హెల్మెట్‌ని కూడా ఆ రూల్ ఒప్పుకుంటుంది, తేలిగ్గా ఉంటుంది, మెడకి సుఖం. మేం అదే కొన్నాం. మొదట్లో విసిరికొట్టేది. అమ్మమ్మ దాన్ని "రాణిగారి కిరీటం" అని పిలవడం మొదలుపెట్టాక ఇంట్లో అన్నం తినేటప్పుడు కూడా తీయనివ్వలేదు.

వంద సిసి బైకు ఉన్నవాళ్లకి ఇది స్కూటీ అంత అనుకూలం కాదు. స్కూటీ సీటు వెడల్పు, పిల్ల కాళ్లు రెండు పక్కలకీ చాచుకుని ఉంటాయి, చక్రానికి దూరం. బైకు మీద చిన్న కాలు వేలాడితే వెనక చక్రం దగ్గరికి వెళ్తుంది, చీర గార్డు తప్పనిసరిగా ఉండాలి. ఏడాది లోపు పిల్లలకి మాత్రం నేను ఏ బెల్ట్‌తోనూ బండి మీద తిప్పమని చెప్పను, మెడ నిలవని వాళ్లకి అసలే కాదు.

ఇప్పుడు కొత్త తలనొప్పి ఏంటంటే మా బుజ్జిదానికి ఛాతీ మీది క్లిప్ తీయడం వచ్చేసింది. సిగ్నల్ దగ్గర ఆగితే వెనక "టిక్" మని వినబడుతుంది. నాలుగు నిండాక చట్టం బెల్ట్ అడగదు, పెద్దవాళ్లలా హెల్మెట్ ఉంటే చాలు. నేను మాత్రం ఇంకో ఏడాదైనా కడతాను, పదిహేను కిలోల పిల్ల బెల్ట్‌కి బరువేం కాదు. మా మరదలు ఈ పాతది తన బాబుకి ఇమ్మని అడిగింది. భుజం దగ్గర కుట్టు ఒక పక్క లేస్తోంది, ఇవ్వనన్నాను. వాడికి కొత్తదే కొనిస్తాను, మా దానికీ ఇంకోటి తీసుకోవాలి. ఈసారి ముందు క్లిప్ ఉన్నది కాదు, వెనకవైపు పెట్టుకునేది వెతుకుతున్నాను.