విగ్గు పెట్టాలా, ఒట్టి హావోరీ చాలా?

అమలాపురంలో కరావోకే పోటీకి జపాన్ యానిమే (కార్టూన్ సిరీస్) ‘డీమన్ స్లేయర్’ హీరో తాంజిరోలా వెళ్లాలంటే రెండు దారులు: విగ్గుతో పూర్తి వేషం, లేదా పైన వేసుకునే జపనీస్ కోటు హావోరీ ఒక్కటే.

విగ్గుతో ఫొటోలు అదిరిపోతాయి, కాదనను. కానీ కోనసీమ ఉక్కపోత సంగతి తెలిసిందేగా! చెవులు మూసుకుపోయి ట్రాక్ సరిగ్గా వినబడదు. రెండో చరణానికల్లా తాంజిరోలా నుదుటి మీద గీసుకున్న మచ్చ చెమటకి కారి కనుబొమ్మ మీదకొచ్చేసింది. 2019లో లీసా పాడిన ఈ సిరీస్ టైటిల్ సాంగ్ ‘గురెంగే’కి అసలే ఊపిరి చాలదు. టీవీలో వచ్చే 90 సెకన్ల ముక్కయితే ఎలాగో భరించొచ్చు. దాదాపు 4 నిమిషాల పూర్తి పాటకి మాత్రం నా ఓటు హావోరీకే.

ఆకుపచ్చ, నలుపు గళ్ల కాటన్ గుడ్డ, అట్టముక్క చెవిపోగులు, అంతే. ‘లుంగీ గుడ్డతో కోటేంట్రా?’ అంది మా అమ్మమ్మ.