గాలివానకని కొన్న నీలం డ్రమ్ము: పదకొండేళ్ల వాడకం తర్వాత

తుపాను సామాన్ల జాబితా అందరి దగ్గరా ఉంటుంది. వాయుగుండం మాట వినపడగానే పేపర్లో వేస్తారు, వాట్సాప్‌లో పదిమంది పంపిస్తారు. టార్చి, కొవ్వొత్తులు, మందులు, అటుకులు, కాగితాలు. అవన్నీ దేన్లో పెట్టాలో మాత్రం ఎవరూ చెప్పరు. మా ఇంట్లో ఆ జాబితాలో సగం సామాను సమయానికి పనికిరాకుండా పోయింది. దాన్ని పెట్టిన డ్రమ్ము మాత్రం మమ్మల్ని కాపాడింది. అందుకే ఇదంతా ఆ డ్రమ్ము గురించి. నాకు దానిమీద ఎంత ప్రేమో, ఒక్క విషయంలో అంత కోపం.

2014లో మేం విశాఖలో ఎంవీపీ కాలనీలో అద్దెకుండేవాళ్లం. అక్టోబరు 12 ఆదివారం హుద్‌హుద్ వచ్చింది. ఆ గాలి గురించి చూసినవాళ్లకు చెప్పక్కర్లేదు, చూడనివాళ్లకు చెప్పినా అర్థం కాదు. కరెంటు లేదు, ఫోన్లు లేవు, ఏటీఎంలు లేవు. పాల ప్యాకెట్ కోసం మా ఆయన ఎంత దూరం నడిచారో ఇప్పటికీ చెప్తుంటారు. చేతిలో కార్డుంది, నోట్లు లేవు. ఆ వారం అయ్యాక, మళ్లీ ఇలా చేతులు కట్టుకుని కూర్చోకూడదని నిర్ణయించుకుని, పూర్ణా మార్కెట్ దగ్గర పాత డ్రమ్ములమ్మే కొట్లో ఇది కొన్నాను. 450 రూపాయలు. యాభై లీటర్లది, మందపాటి నీలం ప్లాస్టిక్కు, పైన నల్లటి మూత, మూత చుట్టూ ఇనప రింగు, రింగుకి బిగించే లివరు. అరకు కాఫీ పొడితో, ఎండతో, నిమ్మచెక్కలతో నెల్లాళ్లు కుస్తీ పడితే గానీ దాని లోపలి రసాయనం వాసన పోలేదు. తినే సరుకు పెట్టాలనుకునేవాళ్లు ఇంతకు ముందు అందులో ఏముందో అడిగి, లేబుల్ చూసి మరీ కొనండి.

2017లో బదిలీ మీద విజయవాడ వచ్చేశాం. సింగ్‌నగర్‌లో కింద వాటాలో మేం, పై వాటాలో మరో కుటుంబం. డ్రమ్ము వెనక గదిలో బియ్యం డబ్బా పక్కన కూర్చుంది. విజయవాడలో సముద్రం లేదు కదా, ఇంకెందుకది అని చుట్టాలు అంటూనే ఉన్నారు. నేను మాత్రం ఏటా వినాయక చవితికి ముందు ఇల్లు దులిపేటప్పుడు దాన్నీ తెరిచి, తిండి సామాను మార్చి, మళ్లీ బిగించేదాన్ని. ఏడేళ్లు అంతే. అంతకు ముందు విశాఖలో ఉండగా, 2016 నవంబరులో పాత 500 నోట్లు చెల్లవన్నప్పుడు ఒకసారి పరుగున తెరిచాను, 2023లో 2000 నోటు వెనక్కి తీసుకుంటామన్నప్పుడు ఇంకోసారి. అప్పట్నుంచి అందులో యాభైలు, వందలే ఉంచుతున్నాను. పెద్ద నోటుకి ఆ సమయంలో చిల్లర ఇచ్చేవాడు ఉండడు, అది హుద్‌హుద్ రోజుల్లోనే చూశాను.

2024 ఆగస్టు 31 శనివారం పగలంతా వాన. రాత్రి కూడా ఆగలేదు. ఆదివారం తెల్లవారుజామున బాత్రూం తూములోంచి గుడగుడమని శబ్దం. నీళ్లు బయటికి పోవడం మానేసి లోపలికి వస్తున్నాయి. ఊరి పక్క వాగు బుడమేరు పొంగిందనుకోలేదు, మురుగు కాలవ పొంగిందనుకున్నాం. గంట తిరిగేసరికి మోకాళ్ల దాకా వచ్చింది. ముందు మా అత్తయ్యని పైకి చేర్చాం. ఆవిడకి డెబ్భై నాలుగు, మెట్లెక్కడానికి ఇద్దరం పట్టుకోవాలి. తర్వాత గ్యాస్ సిలిండరు, పొయ్యి, పిల్లాడి పుస్తకాలు, నాలుగు దుప్పట్లు. డ్రమ్ము మర్చిపోయాను. పదేళ్లు ఈ రోజు కోసమే సర్దినదాన్ని, ఆ రోజు రాగానే నేనే మర్చిపోయాను. ఇది రాయడానికి మనసు ఒప్పుకోవట్లేదు, కానీ రాయకపోతే అసలు విషయం రాదు.

పై వాటా వాళ్ల మెట్ల మీద నిలబడి చూస్తున్నాం. కింద నీళ్లు నడుము దాకా ఉన్నాయి. ఫ్రిజ్ ఒక పక్కకి వాలి మెల్లగా తిరుగుతోంది. అప్పుడు అత్తయ్య అంది, "అమ్మాయ్, నీ డ్రమ్ము చూడు, తేల్తోంది" అని. నిజంగానే వెనక గది గుమ్మంలోంచి నీలం డ్రమ్ము బయటికొచ్చి, హాల్లోకి వచ్చి, కిటికీ ఊచలకి తగిలి ఆగింది. మూడో వంతు నీళ్లలో, మిగతాది పైన. మా పెద్దాడు ఇంటర్‌ కుర్రాడు, వాడే లెక్క చెప్పాడు. యాభై లీటర్ల డ్రమ్ము పూర్తిగా మునగాలంటే యాభై కిలోలు ఉండాలి, మన సామాను పద్దెనిమిది కిలోలే కదా మునగదు అని. నేను ఆ లెక్క చూసి కొనలేదు. గాలికి ఎగిరిపోకుండా, వానకి తడవకుండా ఉంటే చాలనుకున్నాను. బట్టలారేసే తాడు డ్రమ్ము చెవులకి కట్టి, మా ఆయన నీళ్లలోనే మెట్ల దాకా లాక్కొచ్చారు. పొడినేల మీద దాన్ని మోయడం కష్టమే. నీళ్లలో వేలితో తోస్తే కదిలింది. కింద ఉండిపోయిన బీరువాలో ఇంటి పత్రాలు తడిసి ముద్దయ్యాయి, డ్రమ్ములోని జిరాక్సులకి చెమ్మ కూడా తగల్లేదు.

ఇంతవరకు చదివినవాళ్లు రేపే వెళ్లి అలాంటి డ్రమ్ము కొనాలనుకుంటారు. ఆగండి.

డ్రమ్ము పైకొచ్చింది, తెరుచుకోలేదు. లివరు కదల్లేదు. ఆ రింగు ఇనపది, పైన సన్నని జింకు పూత ఉంటుంది. పదేళ్లకి ఆ పూత పోయి మడత దగ్గర తుప్పు పట్టింది. చవితికి తెరిచినప్పుడల్లా కాస్త బిగుసుకుంటోందని తెలుస్తూనే ఉంది, కొబ్బరినూనె చుక్క వేసి సరిపెట్టుకున్నాను. బురదనీళ్లలో నానాక అది పూర్తిగా పట్టేసింది. మా ఆయన వేళ్లు ఒరుసుకుపోయాయి. "స్క్రూడ్రైవర్ ఎక్కడ పెట్టావే?" అన్నారు. డ్రమ్ములోనే పెట్టాను. జాబితాలో పనిముట్లు అని ఉంటుంది కదా, కటింగ్ ప్లేయరు, స్క్రూడ్రైవరు, తాడు, అన్నీ శ్రద్ధగా కవర్లో చుట్టి లోపల పెట్టాను. చివరికి పై వాటా ఆవిడ తన రోటి పొత్రం తెచ్చిచ్చింది. దాంతో లివరు మీద కొట్టి కొట్టి, ముప్పావుగంటకి రింగు వంకర తిరిగి ఊడింది. ఆ ముప్పావుగంటా అత్తయ్య బీపీ మాత్ర కోసం ఎదురుచూస్తూ కూర్చుంది. మాత్రలు ఆ మూత కింద అరచేయంత దూరంలో ఉన్నాయి. నా కోపమంతా ఆ ముప్పావుగంట మీదే, ఆ ఇనప ముక్క మీదే.

తెరిచాక లోపల చుక్క నీరు లేదు. అగ్గిపెట్టె గీస్తే మొదటి పుల్లకే వెలిగింది. నోట్లు పెళపెళలాడుతున్నాయి. ఇక మిగతా సంగతి. ఛార్జింగ్ ఎమర్జెన్సీ లైటు చచ్చిపోయింది. అందులో ఉండేది సీసం బ్యాటరీ, ఛార్జింగ్ పెట్టకుండా నెలల తరబడి వదిలేస్తే అది లోపలే పాడైపోతుంది. అలాంటి లైటు డ్రమ్ములో దాచకూడదు, గోడకి ప్లగ్గులోనే ఉండాలి. టార్చిలో వేసి ఉంచిన సెల్లులు కారి, స్ప్రింగు దగ్గర తెల్లటి పొడి గడ్డకట్టింది. అదే కంపెనీ సెల్లులు, అదే రోజు కొన్నవి, ప్యాకెట్ విప్పకుండా పెట్టినవి మాత్రం బాగున్నాయి. అవి ట్రాన్సిస్టర్‌లో వేశాం. ఫోన్లు సాయంత్రానికే ఆరిపోయాయి, టవర్లు ఎలాగూ లేవు. మీడియం వేవ్‌లో 837 దగ్గర విజయవాడ ఆకాశవాణి వినపడింది. ప్రకాశం బ్యారేజీ దగ్గర సోమవారం 11.43 లక్షల క్యూసెక్కులు వెళ్లిందని, అంత వరద ముందెప్పుడూ నమోదు కాలేదని దాన్లోనే విన్నాం. నీళ్లు తగ్గుతాయా పెరుగుతాయా అని చీకట్లో ఊహించుకుంటూ కూర్చోవడానికీ, ఒక మనిషి గొంతు విని తెలుసుకోవడానికీ చాలా తేడా ఉంది. అత్తయ్య రేడియోని ఒళ్లో పెట్టుకునే పడుకుంది.

తిండి సంగతికొస్తే, నేను సర్దేది చవితికి ముందని చెప్పాను కదా. ఆ ఏడు చవితి సెప్టెంబరు 7న. వరద ఆరు రోజుల ముందే వచ్చింది. అంటే లోపలున్నది అంతా ఏడాది నాటి సరుకు. అటుకులు మెత్తబడ్డాయి గానీ తినగలిగాం. పల్లీ చిక్కీ నూనె కంపు కొట్టింది, పిల్లలు కూడా ముట్టుకోలేదు. ఖర్జూరం, బెల్లం బ్రహ్మాండంగా ఉన్నాయి. క్లోరిన్ మాత్రల గడువు ఎప్పుడో దాటింది. పై ట్యాంకులో నీళ్లుండబట్టి, పై వాళ్ల పొయ్యి మీద కాచుకుని తాగాం. తొమ్మిదిమందిమి, మూడు రోజులు. మనిషికి రోజుకి మూడు లీటర్లు అనుకున్నా ఎనభై లీటర్ల పైమాటే. యాభై లీటర్ల డ్రమ్ములో అంత నీళ్లూ సామానూ కలిపి పట్టవు. నీళ్ల లెక్క వేరే పెట్టుకోవాలి, ఈ డ్రమ్ము మీద ఆ ఆశ పెట్టుకోకండి. డ్రోన్లతో ఆహార పొట్లాలు వేయడం టీవీలో అందరూ చూశారు, మా సందులోకి మూడో రోజు సాయంత్రం పడవ వచ్చింది. అందులో బయటపడ్డాం.

ఇంటికి తిరిగొచ్చాక ఫైరింజన్లు వచ్చి బురద కడిగాయి. డ్రమ్ము పారేయలేదు. వంకరపోయిన రింగుని సుత్తితో సరిచేయించి, మూత కింద వాషరు కొత్తది వేయించి, చుట్టూ సైకిల్ ట్యూబు బిగించాను. చూడ్డానికి గట్టిగానే ఉంది. నమ్మకం కలగక లోపల పేపరు ముక్కలు వేసి, సంపులో అడ్డంగా పడుకోబెట్టి, పైన బండ పెట్టి గంట ఉంచాను. తెరిస్తే మూత వైపు కాగితాలు తడి. అంటే, నిలువుగా తేలినంతసేపే దానికి భద్రత. ఆ రోజు ఫ్రిజ్ దాని మీద పడి బోర్లా తిరిగి ఉంటే ఏమయ్యేదో నాకు తెలియదు. "చుక్క నీరు పోలేదు" అని అప్పట్లో మా బంధువులందరికీ చెప్పాను, ఇప్పుడు ఆ మాట అంత గట్టిగా చెప్పను.

అందుకని ఇంకో డ్రమ్ము కొన్నాను. మూత తిప్పి బిగించేది, ఇనపముక్క అనేది లేదు, ఇరవై అయిదు లీటర్లది. మందులు, కాగితాలు, నోట్లు, రేడియో దాన్లోకి మారాయి. ఒక్క చేత్తో ఎత్తి మెట్లెక్కగలను. దీనికీ ఒక ఇబ్బంది ఉంది. మర దగ్గర మట్టి చేరితే తిరగదు, గట్టిగా బిగిస్తే అత్తయ్య చేతికి లొంగదు. పగలు ఇంట్లో ఉండేది ఆవిడే. అందుకే చేత్తో బిగిసినంతే బిగిస్తున్నాం, అంతకుమించి తిప్పట్లేదు. 2025 అక్టోబరులో మొంథా తుపాను హెచ్చరిక వచ్చినప్పుడు రెండూ పై వాటా మెట్ల మలుపులోకి చేర్చాం. 28 రాత్రి అది నరసాపురం దగ్గర తీరం దాటింది. మాకు వాన తప్ప ఏమీ కాలేదు. కానీ ఆ సాయంత్రం అత్తయ్య చేత మూడుసార్లు మూత తీయించి చూశాను.

సర్దే రోజు కూడా మార్చాను. చవితికి కాదు, మృగశిర కార్తె రాగానే. వానలకి ముందు ఒకసారి, దసరాకి ఇంకోసారి. చిక్కీ మానేశాను.

కొనాలా వద్దా అని అడిగితే నేను ఖచ్చితంగా చెప్పలేను. మాది కింద వాటా, పైకెక్కడానికి మెట్లున్నాయి, మోయడానికి ఇద్దరు మగపిల్లలు ఉన్నారు. అపార్ట్‌మెంట్ నాలుగో అంతస్తులో ఉండేవాళ్లకి ఇంత డ్రమ్ము దేనికి, ఒక వీపు సంచీ చాలు. ఒంటరిగా ఉండే పెద్దవాళ్లకైతే రింగు మూతది నేను చచ్చినా కొనివ్వను. కాలవ గట్టునో, ఏటి ఒడ్డునో కింద ఇంట్లో ఉండేవాళ్లు మాత్రం తేలేది ఏదైనా ఒకటి చూసుకోండి, సగానికి మించి నింపకండి, చెవులకి తాడు ముందే కట్టి ఉంచండి.

పాత నీలం డ్రమ్ము ఇప్పటికీ మెట్ల మలుపులోనే ఉంది. దుప్పట్లు, పాత బట్టలు అందులో. లివరుకి కొత్త తాడుతో ఒక స్క్రూడ్రైవరు కట్టి వేలాడదీశాను, బయటే.