పాత చెయిన్‌సా, వించ్ కొనేవారికి హెచ్చరిక: గేజ్‌లో 150 చూపించి పాడైన ఇంజిను అంటగట్టాడు

పాత చెయిన్‌సాలు బాగుచేసి అమ్ముతానని ప్రతి చలికాలం ముందూ ప్రకటనలు ఇచ్చే పెద్దమనిషి ఒకడున్నాడు. పేరు రాయను. రంపాలతో పని ఉన్నవారికి అతనెవరో నేను చెప్పక్కరలేదు. "పూర్తిగా విప్పి బిగించినది, కొత్తదానితో సమానం" అనే మాట కనిపించిందంటే అతనే. దయచేసి అతని దగ్గర ఏమీ కొనకండి. రంపం కొనకండి, వించ్ కొనకండి, ఊరికే ఇస్తానన్నా మేకు కూడా తీసుకోకండి.

జరిగింది క్లుప్తంగా చెబుతాను. చలి ముదిరింది, కట్టెల కుప్ప తరిగిపోయింది, గాలికి కూలిన చెట్టు దారికి అడ్డంగా పడి ఉంది. సరిగ్గా అప్పుడే నా రంపం క్లచ్ పోయింది. అందుకని అతని దగ్గర మధ్యరకం రంపం ఒకటి, మొద్దులు లాగడానికి చేతితో ఆడించే లివర్ వించ్ ఒకటి తీసుకున్నాను. రెండూ కలిపి తీసుకుంటే ధర తగ్గిస్తానన్నాడు, తగ్గించాడు. ఆ ఔదార్యం ఎక్కడినుంచి వచ్చిందో తర్వాత తెలిసింది.

నేను వెళ్లేసరికే రంపం నడుస్తోంది. "ఇప్పుడే రెండు మొద్దులు కోశానండి, చూడండి ఎంత హాయిగా తిరుగుతోందో" అంటూ ఎదురొచ్చాడు. సైలెన్సర్ చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉంది. పాత ఇంజిను గుణం బయటపడేది చల్లగా ఉన్నప్పుడు తొలిసారి తాడు లాగినప్పుడే. ఆ అవకాశం నాకు దక్కకుండా ముందే జాగ్రత్త పడ్డాడన్నమాట.

ఇక అసలు ఘట్టం. కంప్రెషన్, అంటే సిలిండర్‌లో కుదించిన గాలి ఒత్తిడి, ఎంతుందని అడిగాను. అడగగానే అతని మొహం వెలిగిపోయింది. "అన్నగారూ, మీలాంటి తెలిసినవాళ్లు వస్తేనే మాకూ సంతోషం" అన్నాడు. రంపం ఆపాడు, స్పార్క్ ప్లగ్ విప్పాడు. పక్కనే ఉన్న నూనె డబ్బా అందుకుని, దాని సన్నటి ముక్కును ప్లగ్ రంధ్రంలోకి దూర్చి, డబ్బా అడుగును బొటనవేలితో టక్కుటక్కుమని నొక్కాడు. "మరలు పట్టేయకుండా" అన్నాడు. తర్వాత గేజ్ బిగించి, ముల్లు పైకెక్కి ఆగేదాకా తాడు లాగి, గేజ్‌ను తెచ్చి నా మొహం ముందు పెట్టాడు. 150 పీఎస్‌ఐ. "ఈ వయసు ఇంజినుకు ఇంతకంటే ఏం కావాలి, మీరే చెప్పండి" అన్నాడు. డబ్బు లెక్కపెట్టి చేతిలో పెట్టాను.

తెలియనివారి కోసం చెబుతున్నాను. పిస్టన్ చుట్టూ ఉండే రింగులు అరిగినా, పిస్టన్ గీరుకుపోయినా, కుదించిన గాలి ఆ సందుల్లోంచి జారిపోతుంది. సిలిండర్‌లో కాస్త నూనె పోస్తే అది రింగుల చుట్టూ చేరి సందులు మూసేస్తుంది. గేజ్ ముల్లు కాసేపు ఎగిరి కూర్చుంటుంది. మెకానిక్‌లు ఇదే పనిని జబ్బు కనిపెట్టడానికి చేస్తారు. ముందు పొడిగా కొలుస్తారు, ఆ తర్వాత నూనె వేసి మళ్లీ కొలుస్తారు. రెండో అంకె బాగా పెరిగితే తప్పు పిస్టన్, రింగుల దగ్గరే ఉందని తేలుతుంది. జబ్బు కనిపెట్టే పద్ధతినే జబ్బు దాచడానికి వాడుకున్న ఆ బుర్రకు దండం పెట్టాలి.

మర్నాడు పొద్దున చలిలో తాడు లాగితే నీళ్లు లేని బావిలోంచి చేద వచ్చినంత తేలిగ్గా వచ్చింది. మంచి ఇంజినైతే లాగేటప్పుడు చేతిని వెనక్కి గుంజుతుంది. చోక్ వేసి చూశాను, తీసి చూశాను, ప్లగ్ మార్చి చూశాను. భుజం నొప్పి తప్ప ఏమీ దక్కలేదు. స్విచ్ ఆపేసి, తాడు పిడి పట్టుకుని రంపాన్ని అలాగే వేలాడదీశాను. కంప్రెషన్ ఉంటే అది కుదుపు కుదుపుకూ ఆగి ఆగి కిందికి దిగాలి. ఇది ఎక్కడా ఆగకుండా సర్రున నేలకు జారింది. నా గేజ్ పెట్టి కొలిస్తే 85. ఈ పరిమాణం రంపానికి 120 దిగువకు వస్తేనే అనుమానపడాలి. 85 ఉన్నది నడిస్తే అది దాని మంచితనం.

సరే, సైలెన్సర్ విప్పి పిస్టన్ చూద్దామని కూర్చున్నాను. మోసం సంగతి పిస్టన్ కనిపించకముందే తెలిసిపోయింది. సైలెన్సర్ చుట్టూ ఏళ్లనాటి మసి, నూనె, రంపపు పొట్టు కలిసి గడ్డకట్టి ఉన్నాయి. బోల్టు తలల్లోని గుంటలు మాత్రం శుభ్రంగా ఉన్నాయి, అంచులు కొత్తగా గీరుకుని మెరుస్తున్నాయి. లోపల గాస్కెట్ (అతుకులో సందు మూసే పలక) ఉండాల్సిన చోట ఎర్రటి సీలెంట్ పూసి ఉంది. దానికి ఇంకా మసి కూడా పట్టలేదు. అంటే ఈ మధ్యనే విప్పాడు, లోపలికి చూశాడు, మూసేశాడు. నాకు కనిపించిందే అతనికీ కనిపించి ఉంటుంది: ఎగ్జాస్ట్ వైపు పిస్టన్ మీద నిలువునా లోతైన గీతలు, కరిగి పులుముకున్న అల్యూమినియం, గాడిలో ఇరుక్కుని కదలని రింగు. "పూర్తిగా విప్పి బిగించినది" అన్న మాట అక్షరాలా నిజం. విప్పాడు. బిగించాడు.

ఫోన్ చేశాను. నిజం చెబుతున్నాను, అప్పటికింకా మర్యాదగానే మాట్లాడాను. సంగతి వినగానే "పెట్రోల్‌లో ఆయిల్ కలపకుండా పోసి ఉంటావు. నేనిచ్చినప్పుడు 150 ఉంది, నీ కళ్లతో నువ్వే చూశావు" అన్నాడు. ముందురోజు అన్నగారు ఎటు పోయారో! లీటరు పెట్రోల్‌కు 20 మిల్లీలీటర్ల టూ స్ట్రోక్ ఆయిల్, అంటే 50:1, కొలిచి కలిపేవాడినని చెప్పాను. అయినా ఇంజిను ఒక్కసారి కూడా అంటుకోలేదు, ఇక పిస్టన్ కాలిపోయేదెక్కడ అన్నాను. గీతల లోపల నల్లగా మసి పేరుకుని ఉంది, నిన్న పడిన గీతైతే లోహం తళతళలాడాలి కదా అన్నాను. కాసేపు చప్పుడు లేదు. తర్వాత "పాత సామాను కొనేవాళ్లకు ఇంత చాదస్తం ఉండకూడదు. అంత అనుమానమైతే కొత్తది కొనుక్కోవాల్సింది" అన్నాడు.

అప్పుడు నూనె డబ్బా గురించి అడిగాను. నవ్వాడు. "అది నీ ఎదుటే వేశాను కదా, చాటుగా వేశానా?" అన్నాడు.

ఇది రాస్తుంటే కూడా ఒళ్లు మండుతోంది. పిస్టన్ మారుస్తాను, దానికి మందుంది. నా ఎదురుగా నిలబడి, నా చూపు తన చేతి మీద ఉండగానే మోసం చేసి, చూశావు కాబట్టి తప్పు నీదే అనడం ఏ రకం వ్యాపారమో నాకు అర్థం కాలేదు. ఆ తర్వాత మళ్లీ ఫోన్ ఎత్తలేదు.

పిస్టన్ అలా ఎందుకు గీరుకుపోయిందో కూడా తేల్చాల్సి ఉంది. టూ స్ట్రోక్ ఇంజినుకు నూనె అందేది పెట్రోల్‌తోనే. క్రాంక్ సీలు దగ్గరో, కార్బురేటర్ వెనక రబ్బరు దగ్గరో గాలి లోపలికి చొరబడితే పెట్రోల్ పాలు తగ్గుతుంది, దానితో పాటు నూనె కూడా తగ్గుతుంది, పిస్టన్ కాలిపోతుంది. ఆ చిల్లు మూయకుండా కొత్త పిస్టన్ వేస్తే దానికీ అదే గతి. ఈలోపు చేతి రంపంతోనే కట్టెలు కోస్తున్నాను, ఒళ్లు బాగానే వేడెక్కుతోంది, ఆ పుణ్యం అతనిదే.

ఇక వించ్. ఇది రంపం కంటే దారుణం. ఇనుప తాడును లోపలి దవడలు పట్టి పట్టి లాగే రకం ఇది. దీని లివర్‌లో మెత్తటి లోహంతో చేసిన షియర్ పిన్ ఉంటుంది. మోయలేని బరువు పడితే ముందు ఆ పిన్ తెగుతుంది. లివర్ వదులైపోతుంది, బరువు మాత్రం దవడల పట్టులో అక్కడే ఆగుతుంది. మనిషి ప్రాణం కాపాడడానికి పెట్టిన ఏర్పాటు అది. శుభ్రం చేద్దామని విప్పితే పిన్ స్థానంలో గట్టి స్టీలు బోల్టు ముక్క ఉంది, ఆకురాయితో అరగదీసిన గీతలు దాని మీద స్పష్టంగా కనిపిస్తున్నాయి. అది తెగదు. కాబట్టి తాడో, కొక్కెమో, చెట్టుకు కట్టిన పట్టీయో తెగుతుంది. బిగుసుకున్న ఇనుప తాడు తెగితే ఎటు కొడుతుందో ఊహించుకోండి. ఇప్పటికే ఎన్ని పిన్నులు తెంపారో, దవడలు ఎంత అరిగాయో తెలియని ఈ యంత్రానికి సరైన పిన్ వేసినా నేను నమ్మను. పాత ఇనుముకు వేసేస్తాను, ఎవరు అడిగినా అమ్మను.

సలహాలంటారా, ఇవిగో. ఎవరి దగ్గర కొన్నా ఇంజిను చల్లగా ఉంటేనే బేరం మొదలుపెట్టండి. మీ గేజ్ మీరే తీసుకెళ్లి మీ చేతులతో కొలవండి. ప్లగ్ రంధ్రంలో చుక్క నూనె పడినా ఆ అంకె చెల్లదు. సైలెన్సర్‌కు రెండు మూడు బోల్టులే ఉంటాయి, విప్పి టార్చి వేసి పిస్టన్ చూడనివ్వనంటే వచ్చేయండి. చెయిన్ బ్రేక్ ముందుకు తోస్తే టక్కుమన్న శబ్దంతో సరిపెట్టుకోకండి, తిరుగుతున్న చెయిన్ ఆగుతోందో లేదో చూడండి. వించ్ తాడులో మెలిక పడిన చోటు, విరిగిన తీగలు గ్లౌజు వేసుకుని తడిమి చూసుకోండి.

అతని కొట్టులో అలాంటి వించ్‌లు గోడకు ఇంకా వేలాడుతున్నాయి. ఇప్పటికే తీసుకున్నవారు ఎవరైనా ఉంటే, దాని మీద బరువు వేయకముందు ఆ పిన్ బయటికి తీసి చూసుకోండి.