500 సెక్షన్ల గేమ్‌బుక్ అని ముందే డబ్బు కట్టాను. మీరు కట్టేముందు ఇది చదవండి

సోలో గేమ్‌బుక్కులు, స్వతంత్ర రచయితల చిన్న రోల్‌ప్లేయింగ్ గేమ్‌లు ముందే డబ్బు కట్టి కొనే వాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. నాకూ ఏళ్ళుగా ఆ పిచ్చి ఉంది. తెలియనివాళ్ళకి: గేమ్‌బుక్ అంటే నంబర్లు వేసిన ముక్కలుగా (అవే సెక్షన్లు) రాసిన కథ, మనం ఎంచుకున్నదాన్ని బట్టి తర్వాత ఏ నంబరుకి వెళ్ళాలో అదే చెబుతుంది. సోలో అంటే ఒంటరిగా ఆడేది. రోల్‌ప్లేయింగ్ గేమ్ అంటే తలా ఒక పాత్ర తీసుకుని కథలాగా ఆడేది. తీరిక దొరికినప్పుడు నేనే చిన్న గేమ్‌బుక్కులు రాసి ఉచితంగా పంచుతుంటాను. ఈ పనిలో ఎంత చాకిరీ ఉంటుందో తెలుసు. తెలిసి కూడా బోల్తా పడ్డాను.

అమ్మినవాళ్ళ పేరు, పుస్తకం పేరు ఇక్కడ పెట్టడం లేదు. ఆ పేరు తీసేసి ఇంకో పేరుతో రావడం వాళ్ళకి ఒక్కరోజు పని. సరుకు ఎలా ఉంటుందో చెబుతాను, మీరే పోల్చుకోండి.

సెట్‌లో మూడు ఉంటాయన్నారు. 500 సెక్షన్ల సోలో గేమ్‌బుక్ ఒకటి. నలుగురు కూర్చుని ఆడుకోవడానికి అదే ప్రపంచంలో ఒక రూల్‌బుక్. మూడోది, నన్ను పడేసింది, రచయితల కిట్: మా రూల్స్‌తో మీ సొంత సాహసాలు రాసి అందరితో పంచుకోండి అని. బొమ్మలు అదిరిపోయాయి. ప్రివ్యూలో మొదటి పన్నెండు పేజీలు చక్కగా ఉన్నాయి. ఆరు నెలల్లో ఇస్తామన్నారు.

పద్నాలుగు నెలలు పట్టింది. దాని గురించి నేను గొడవ చెయ్యలేదు. ఇద్దరు ముగ్గురు కలిసి చేసే పని ఆలస్యం కావడం మామూలే, నేనైతే ఇంకా ఆలస్యం చేసేవాణ్ణి. ఆ ఆలస్యం నా పీకకి ఎలా చుట్టుకుందో తర్వాత చెబుతాను.

ఆడటం మొదలుపెట్టిన మొదటి గంట హాయిగా గడిచింది. గుహలోకి వెళ్ళాను, ఇత్తడి తాళంచెవి దొరికింది. సెక్షన్ 137లో ఒక తలుపు. 'మీ దగ్గర ఇత్తడి తాళంచెవి ఉంటే 212కి వెళ్ళండి' అని ఉంది. వెళ్ళాను. 212లో నేను సముద్రం మధ్యలో పడవ మీద ఉన్నాను. పక్కన నాకు తెలియని మనిషెవరో 'నీ ప్రాణం కాపాడినందుకు ఇదా కృతజ్ఞత' అంటున్నాడు.

అచ్చుతప్పేమో అనుకుని వెనక్కి వచ్చి ఇంకో దారి పట్టాను. ఇంకో మూడు మలుపుల తర్వాత మళ్ళీ అదే తంతు. ఇక ఆట పక్కనపెట్టి, మూడు సాయంత్రాలు కూర్చుని, సెక్షన్లన్నీ ట్వైన్‌లో ఒక్కొక్క పెట్టెగా పెట్టి బాణాలు గీశాను. ట్వైన్ ఉచితంగా దొరికే సాధనం, 2009లో వచ్చింది, కొమ్మలు కొమ్మలుగా సాగే కథలు రాసేవాళ్ళలో చాలామంది వాడేది. ఏ సెక్షన్ నుంచి ఎక్కడికి దారి ఉందో అందులో మ్యాప్‌లాగా కళ్ళెదుట కనిపిస్తుంది. ఈ పుస్తకం రాసినవాళ్ళు ఆ మ్యాప్ ఒక్కసారి కూడా చూసుకోలేదని మొదటి సాయంత్రమే అర్థమైంది.

500లో 63 సెక్షన్లకి ఎక్కడి నుంచీ దారి లేదు. రాసి అచ్చువేశారు, కానీ ఏ ఆటగాడూ అక్కడికి చేరలేడు. ఇంకో 19 చోట్ల నంబరు తప్పు. ఒకచోట మూడు సెక్షన్లు ఒకదాన్నొకటి చూపించుకుంటూ గుండ్రంగా తిరుగుతాయి, బయటికి దారి లేదు, చావు కూడా లేదు. పుస్తకం మూసేయడమే ముగింపు.

ఇక్కడ ఒక్కమాట. దారి లేని సెక్షన్ కనిపించగానే తప్పు అనేయకండి. తాళంచెవి మీద ఉన్న అంకెని ప్రస్తుత సెక్షన్ నంబరుకి కలపండి లాంటి పజిల్స్ ఉంటే, చేరాల్సిన నంబరు పుస్తకంలో ఎక్కడా రాసి ఉండదు. మోసం చేసి పేజీలు తిరగేసేవాళ్ళని ఆటపట్టించడానికి కావాలని పెట్టే సెక్షన్లు కూడా ఉంటాయి. 1982లో వచ్చిన ఒక గేమ్‌బుక్‌లో అందరూ వెతికే స్వర్గంలాంటి గ్రహానికి ఏ ఎంపికా దారి చూపదు, రూల్ పక్కనపెట్టి పేజీలు తిప్పినవాడికే అది దొరుకుతుంది. అది రచయిత చమత్కారం. నేను కొన్న పుస్తకంలో 63లో అలాంటివి నాలుగే. మిగతా 59 నిర్లక్ష్యం.

దీనికన్నా నన్ను ఎక్కువ మండించింది చివరి పోరాటం. రూల్ పాతకాలందే: ఇద్దరూ రెండేసి పాచికలు వేసి తమ నైపుణ్యం అంకెని కలపాలి, ఎక్కువ వచ్చినవాళ్ళు ఎదుటివాడి ప్రాణంలో 2 తీస్తారు, సమానమైతే ఎవరికీ ఏమీ కాదు. మన నైపుణ్యం ఒక పాచిక వేసి 3 కలిపితే వచ్చేది, అంటే ఎంత అదృష్టం ఉన్నా 9 దాటదు. చివరి రాక్షసుడికి 14 ఇచ్చారు. 9 ఉన్న వీరుడు ఒక రౌండ్ గెలవాలంటే రాక్షసుడి పాచికల కంటే తన పాచికల్లో కనీసం 6 ఎక్కువ పడాలి. మొత్తం 1296 అవకాశాల్లో అలా జరిగేవి 70. వందకి అయిదున్నర కూడా లేదు. రాక్షసుడి ప్రాణం 10, కాబట్టి అలాంటి రౌండ్లు అయిదు గెలవాలి. మన ప్రాణం 20, పది రౌండ్లు ఓడితే అయిపోయాం. లెక్క వేస్తే అన్నిటికన్నా బలమైన వీరుడు కూడా వెయ్యి ఆటల్లో ఒక్కటి గెలవడం అనుమానమే. నైపుణ్యం 5తో మొదలైన పాపానికి ఇక అక్కడిదాకా వెళ్ళడమే దండగ. కత్తులు, మంత్రాలు ఏమైనా బలం పెంచుతాయేమో అని వెతికాను. పెంచే కత్తి ఒకటి ఉంది. అది ఆ 59లో ఒకదానిలో ఉంది!

ఎవరైనా ఈ పుస్తకాన్ని మొదటి నుంచి చివరిదాకా ఒక్కసారి ఆడి ఉంటే ఇది బయటపడకుండా ఉండదు. క్రెడిట్స్ పేజీ చూశాను. బొమ్మలు వేసినవాళ్ళకి, లేఅవుట్ చేసినవాళ్ళకి కృతజ్ఞతలు ఉన్నాయి. ప్లేటెస్ట్ చేసినవాళ్ళు, అంటే అమ్మకానికి ముందే ఆడి తప్పులు పట్టేవాళ్ళు, అనే మాటే లేదు. కొనేముందు ఆ పేజీ ప్రివ్యూలో ఉందో లేదో చూడాలని నాకు అప్పుడు తట్టలేదు.

రూల్‌బుక్ గురించి ఎక్కువ చెప్పను. సగం పుస్తకం చదువుతుంటే ఎక్కడో చదివినట్టే అనిపించింది. విషం, భయం, స్పృహ తప్పడం లాంటి స్థితుల వివరణలు అక్షరం పొల్లుపోకుండా డంజన్స్ అండ్ డ్రాగన్స్ అనే పేరున్న రోల్‌ప్లేయింగ్ గేమ్ తాలూకు ఎస్‌ఆర్‌డీ 5.1 (ఇతరులు వాడుకోవడానికి ఇచ్చిన రూల్స్ పాఠం) నుంచి దించినవి, పేర్లు మాత్రం మార్చారు. వాడుకోవడం తప్పేమీ కాదు. 2023 జనవరిలో ఆ పాఠాన్ని క్రియేటివ్ కామన్స్ సీసీ బై 4.0 అనే లైసెన్స్ కింద వదిలారు, ఎవరైనా తీసుకోవచ్చు, మార్చి అమ్ముకోవచ్చు కూడా. మూలం ఫలానా అని చెప్పడం అందులో ముఖ్యమైన షరతు. ఒక్క వాక్యం రాస్తే సరిపోయేది. వీళ్ళు అదీ రాయకుండా అంతా తమ సొంతమే అని వేసుకున్నారు.

దీనివల్ల మనకేం పోయింది అంటారా? రచయితల కిట్ నమ్ముకుని నేను అప్పటికే ముప్పై పేజీల సాహసం రాశాను. కిట్ వచ్చాక దాని చివరి పేజీలో చిన్న అక్షరాల్లో ఉంది: సొంత వాడకానికి మాత్రమే, రాతపూర్వక అనుమతి లేకుండా పంచకూడదు. ప్రకటనలో 'పంచుకోండి' అన్నదానికి, ఇక్కడ రాసినదానికి పొంతనే లేదు. పైగా ఎవరి మాటలో తమవని చెప్పుకున్నవాళ్ళు నాకిచ్చే అనుమతికి విలువెంత? వాళ్ళు ఎత్తుకొచ్చిన పేరా మీద నేను కట్టిన ఇల్లు రేపు కూలితే నా తల మీదే కూలుతుంది. ఆట నియమం వెనకున్న ఆలోచనకి సాధారణంగా కాపీరైట్ ఉండదు, రాసిన మాటలకి ఉంటుంది. అందుకని నా ముప్పై పేజీల్లో వాళ్ళ మాటలన్నీ తీసేసి, నేరుగా ఎస్‌ఆర్‌డీ నుంచే తీసుకుని, మూలం చెబుతూ తిరగరాస్తున్నాను. మీరూ ఎవరి సిస్టమ్ మీదైనా రాసి పంచాలనుకుంటే ప్రకటనలో 'ఓపెన్' అన్న మాట చూసి ఆగిపోవద్దు. లైసెన్స్ పాఠం డబ్బు కట్టకముందే చూపించమనండి. నిజంగా ఇచ్చేవాళ్ళు దాన్ని దాచరు.

ఇప్పుడు ఆ ఆలస్యం సంగతి. తప్పులన్నీ పేజీ నంబర్లతో సహా రాసి మర్యాదగానే పంపాను. 'మీ ఉత్సాహానికి ధన్యవాదాలు, తప్పొప్పుల పట్టిక త్వరలో' అని జవాబు వచ్చింది. రెండు నెలలైనా పట్టిక లేదు. అమ్మకం పేజీలో కామెంట్ పెడితే మర్నాటికి మాయమైంది. రిఫండ్ అడిగితే పీడీఎఫ్ ఒకసారి డౌన్‌లోడ్ అయ్యాక కుదరదన్నారు. సరే, డబ్బు కట్టిన చోటే ఫిర్యాదు పెడదామనుకుంటే గడువు ఎప్పుడో దాటిపోయింది. ఉదాహరణకి పేపాల్‌లో అయితే డబ్బు కట్టిన రోజు నుంచి 180 రోజుల్లోపు ఫిర్యాదు తెరవాలి. కార్డులకి ఎవరి గడువు వాళ్ళది. పేపాల్ లాంటి చోట లెక్క మొదలయ్యేది మనం కట్టిన రోజు నుంచి. పద్నాలుగో నెలలో పుస్తకం చేతికొస్తే, తెరిచి చూసేలోపే ఆ దారి మూసుకుపోయి ఉంటుంది. వాళ్ళు కావాలనే సాగదీశారని నేను అనను. కానీ నష్టపోయింది నేనే. ఇకమీదట ఏది ముందుగా కొన్నా గడువు తేదీ క్యాలెండర్‌లో రాసుకుంటాను, దానికి రెండు వారాల ముందు కనీసం డ్రాఫ్ట్ పీడీఎఫ్ అయినా చూపించమంటాను.

క్రౌడ్‌ఫండింగ్‌లో (వస్తువు తయారుకాకముందే జనం తలా కొంత ఇచ్చే పద్ధతి) డబ్బు పెట్టినవాళ్ళకి ఇది ఇంకా గట్టిగా వర్తిస్తుంది. కిక్‌స్టార్టర్ లాంటి చోట్ల మనం చేసేది కొనుగోలు కాదు, ఒకరి పనికి చేసే సాయం. వస్తువు వస్తుందని ఆ సైటు హామీ ఇవ్వదు, ఆ ముక్క వాళ్ళే చెబుతారు.

మొదటి పేజీల ప్రివ్యూ చూసి గేమ్‌బుక్ కొనకండి. మొదటి పేజీలు ఎవరైనా బాగానే రాస్తారు. మధ్యలోంచి ఒక పది పేజీలు అడగండి. సెక్షన్లు కలగాపులగంగా ఉంటాయి కాబట్టి కథ బయటపడుతుందన్న భయం కూడా వాళ్ళకి అక్కర్లేదు. పీడీఎఫ్ చేతికి రాగానే ఆడటం మొదలుపెట్టకుండా పది నిమిషాలు ఈ పని చెయ్యండి: తోచిన పది సెక్షన్ నంబర్లు ఎంచుకుని ఒక్కొక్కటీ సెర్చ్‌లో కొట్టండి. నంబరు దాని శీర్షికగా ఒక్కచోటే కనిపించి, ఇంకెక్కడా 'అక్కడికి వెళ్ళండి' అని లేకపోతే అది దారి లేని సెక్షన్. పదిలో ఒకటి వస్తే పజిల్ కావచ్చు. రెండు మూడు వస్తే వెంటనే రిఫండ్ అడగండి. ఆ పుస్తకం మీద నేను ఇదే చేసి చూశాను, మొదటి పదిలోనే రెండు దొరికాయి.

రివ్యూలని కూడా నమ్మేశాను. తర్వాత గమనిస్తే పొగిడినవాళ్ళలో ఒక్కరు కూడా గుహ దాటిన తర్వాతి సంగతి రాయలేదు. బహుశా వాళ్ళకి ఇచ్చింది ఆ మొదటి భాగమే కావచ్చు. చివరి పోరాటం గురించి ఎవరూ మాట్లాడని రివ్యూలు ఎన్ని ఉన్నా ఒకటే.

ఒక్క పేజీలో ఆట మొత్తం రాసి ఉచితంగా పెట్టేవాళ్ళ దగ్గర నేను ఇంతకన్నా శ్రద్ధ చూశాను. వాళ్ళ తప్పు చెబితే ఆ రాత్రికే దిద్ది కొత్త ఫైల్ పెట్టినవాళ్ళున్నారు. వీళ్ళని చూసి చిన్న రచయితల పుస్తకాలు కొనడం మానకండి.

ఈపాటికే కొని ఇరుక్కున్నవాళ్ళు ఇత్తడి తాళంచెవి అనగానే ఏ పుస్తకమో గుర్తుపట్టే ఉంటారు. 137లో 212 అని ఉన్నచోట 221 అని చదువుకోండి, అంకెలు తారుమారయ్యాయి. గుండ్రంగా తిప్పే మూడు సెక్షన్లలోకి పడితే నేరుగా 340కి వెళ్ళిపోండి, కథ అక్కడే అతుకుతుంది. కత్తి 408లో ఉంది, నేలమాళిగలో పెట్టె తెరిచినప్పుడు దొరికినట్టు రాసుకోండి. ఆ కత్తి వద్దనుకుంటే చివరి రాక్షసుడి నైపుణ్యం 14 కొట్టేసి 10 పెట్టుకోండి. నేను అలాగే ఆడాను, రెండోసారికి గెలిచాను. మిగతా 18 నంబర్ల పట్టిక నా దగ్గర ఉంది, కావాలంటే అడగండి, పంపుతాను.