చెన్నై నుంచి కంచి, మహాబలిపురం వన్ డే బస్ టూర్: గైడ్ సూపర్, టైమింగే దారుణం

ముందే చెప్పేస్తున్నా, ఈ టూర్‌కి వెళ్తే గైడ్ కోసం వెళ్లండి, మిగతా వాటి మీద ఆశలు పెట్టుకోకండి. నెల్లూరు నుంచి మా అత్తగారు, మామగారు వచ్చారని టీ నగర్‌లో ఎక్కించుకునే ఒక ప్రైవేట్ వాళ్ల దగ్గర బుక్ చేశాం, తెలుగు గైడ్ ఉంటాడన్నారు, అదొక్కటీ నిజమే.

పొద్దున ఆరింటికన్నారు, కానీ ఒక్కో లాడ్జి దగ్గరా ఆగి జనాన్ని ఎక్కించుకుంటూ ఊరు దాటేసరికి ఏడున్నర. కంచిలో గుళ్లు మధ్యాహ్నం మూసేస్తారు, మళ్లీ సాయంత్రం నాలుగింటికే తీసేది, రోజూ తిరిగేవాళ్లకి ఈ సంగతి తెలీదా? తెలిసే కామాక్షి అమ్మవారి దర్శనం అవగానే ఒక పట్టుచీరల కొట్టుకి తీస్కెళ్లి గంటకి పైగా కూర్చోబెట్టారు. మగ్గం చూపిస్తామన్నారు, మగ్గమైతే ఓ మూల ఉంది, నేసేవాళ్లే లేరు. మా అత్తగారు మాత్రం చీర కొనుక్కుని ఫుల్ హ్యాపీ, ఆవిణ్ణి అడిగితే ఈ టూర్‌కి ఫుల్ మార్కులు వేస్తారు.

దాంతో కైలాసనాథర్ గుడికి మిగిలింది ఇరవై నిమిషాలు. రాజసింహ పల్లవుడు ఎనిమిదో శతాబ్దం మొదట్లో కట్టించిన గుడండీ అది, ఇసుకరాయి, ప్రాకారం లోపలివైపు చుట్టూ వరసగా బుల్లి బుల్లి గుళ్లు, కొన్నిట్లో పాత రంగుల బొమ్మలు ఇప్పటికీ అక్కడక్కడా మిగిలి కనిపిస్తాయి. గర్భగుడి చుట్టూ పాక్కుంటూ వెళ్లే ఇరుకు దారి ఉంది, అందులోంచి బయటికొస్తే మళ్లీ జన్మ ఉండదంటారు, మా మామగారు లైన్లో నిలబడి ఉండగానే బయట బస్ హారన్ మొదలు. చాళుక్య విక్రమాదిత్యుడు కంచిని గెలిచి కూడా ఈ గుడి సొమ్ము గుడికే వదిలేశాడట, ఆ సంగతి కన్నడలో శాసనం కూడా చెక్కించాడు. శత్రురాజుకి ఉన్నపాటి గౌరవం మా టూర్ వాళ్లకి లేకపోయింది.

భోజనం గురించి ఎక్కువ చెప్పను. ఆంధ్రా మీల్స్ అని బోర్డు, పప్పు మాత్రం సాంబారులోంచి వడగట్టినట్టుంది.

మహాబలిపురం చేరేసరికి రెండున్నర, నెత్తి మాడిపోయే ఎండ. గైడ్ గొప్పతనం తెలిసింది ఇక్కడే. డ్రైవర్ నేరుగా పంచరథాలకి, అంటే బండల్ని రథాల్లా చెక్కిన ఐదు గుళ్లకి, పోదామంటే ఆయన ఒప్పుకోలేదు, ముందు పెద్ద బండ మీద చెక్కిన అర్జున తపస్సు దగ్గరికే నడిపించారు, ఎందుకంటే ఆ శిల్పం ఉన్నది తూర్పు ముఖంగా, మధ్యాహ్నం దాటితే ఆ బండ నీడ మన మీదే పడుతుంది. నీడలో నిలబెట్టి తీరిగ్గా చెప్పారు. మధ్యలో పెద్ద చీలిక, అందులో నాగులు, పైన తొట్టి కట్టి అప్పట్లో ఆ చీలికలోంచి నీళ్లు వదిలేవాళ్లట, అందుకే కొందరు ఇది అర్జునుడి తపస్సు కాదు, భగీరథుడు గంగని దింపడం అంటారు. "పెద్దమ్మా, ఆ ఏనుగు దంతాల దగ్గర చూడండి" అన్నారు, చూస్తే ఓ పిల్లి వెనక కాళ్ల మీద నిలబడి చేతులు పైకెత్తి తపస్సు చేస్తోంది, దాని చుట్టూ ఎలుకలు. మా అత్తగారు నవ్వాపుకోలేక "దొంగ సన్నాసి" అన్నారు. కింద ఓ లేడి వెనక కాలి గిట్టతో ముక్కు గోక్కుంటుంది, ఆయన చూపించకపోతే నాకు ఈ జన్మలో కనపడేది కాదు.

కృష్ణుడి వెన్నముద్ద అనే గుండ్రటి పెద్ద బండ దగ్గర అందరూ దాన్ని నెడుతున్నట్టు ఫోటోలు, మేమూ దిగాం, అంతే.

పంచరథాలు మాత్రం వదలొద్దు. పాండవుల పేర్లే గానీ పాండవులకీ వాటికీ సంబంధం లేదు, బండని పైనుంచి కిందికి చెక్కుకుంటూ వచ్చారు కాబట్టి పైభాగం నున్నగా, కింద కొన్ని చోట్ల ఉలి దెబ్బలు అలాగే, పని ఆగిపోయింది. ద్రౌపది రథం అచ్చం పూరిపాక. టికెట్ మనిషికి 40 రూపాయలు, అదే టికెట్‌తో సముద్రం ఒడ్డు గుడి కూడా చూడొచ్చు, పారేసుకోకండి, పదిహేనేళ్ల లోపు పిల్లలకి ఫ్రీ. టూర్ డబ్బుల్లో ఇవేవీ కలవవు, బుకింగ్‌లో ఆ ముక్క చెప్పలేదు.

ఒడ్డు గుడి దగ్గర అత్తగారు హారతి ఇవ్వరా బాబూ అని అడిగారు. "ఇక్కడ పూజల్లేవు పెద్దమ్మా, ఊళ్లో స్థలశయన పెరుమాళ్ గుడి ఉంది, వైష్ణవుల నూట ఎనిమిది దివ్యదేశాల్లో, అంటే ముఖ్యమైన విష్ణు క్షేత్రాల్లో, ఒకటి, అక్కడ చేయిస్తారు" అన్నారాయన. అది మా టూర్ లిస్టులోనే లేదు. లిస్టులో ఉన్న పులి గుహ దగ్గర కూడా బస్ ఆగలేదు, లేటయిందన్నారు, ఆ చీరల కొట్టులో పోయిన టైం సంగతి అడిగితే జవాబు లేదు.

పెద్దవాళ్లతో వెళ్తుంటే కంచి ఒక రోజు, మహాబలిపురం ఇంకో రోజు పెట్టుకుని సొంతంగా కారు మాట్లాడుకోవడమే మేలు. బస్సే ఎక్కాల్సొస్తే చీరల కొట్టు స్టాప్ ఎంతసేపో బుకింగ్ అప్పుడే అడిగి వాట్సాప్‌లో రాయించుకోండి, ఆ తెలుగు గైడ్ ఏ రోజు వస్తారో కూడా కనుక్కోండి, రోజూ ఆయనే రారట.