వాకింగా, జిమ్మా, షటిలా: ఏదైతే మానకుండా చేస్తాం?

వాకింగ్ మొదలుపెట్టమంటారా, జిమ్‌లో చేరమంటారా, షటిల్ ఆడమంటారా అని ఈమధ్య చాలామంది అడుగుతున్నారు. దేనికి ఎన్ని క్యాలరీలు కరుగుతాయో అందరికీ తెలిసిందే, దాని జోలికి పోను. నేను చూసేది ఆ గంట మనకు హాయిగా గడుస్తుందా లేదా అని. బరువు తగ్గడం ఆరు నెలల తరువాతి సంగతి. పొద్దున్నే అయిదున్నరకు దుప్పటి తీసి లేవాలంటే ఈరోజే ఏదో ఒక సంతోషం దొరకాలి.

నెల్లూరులో నడవడానికి చోటుకేం కరువు లేదు, ఏసీ సుబ్బారెడ్డి స్టేడియం ఉంది, వీఆర్సీ గ్రౌండు ఉంది. పైసా ఖర్చు లేదు. అరవై దాటినవాళ్లకి, మోకాళ్ల నొప్పులున్నవాళ్లకి నా ఓటు దీనికే. వారానికి 150 నిమిషాలు, మాట్లాడగలిగేంత, కానీ పాట పాడలేనంత వేగంతో నడిస్తే ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన లెక్క సరిపోతుంది. చిక్కల్లా ఒంటరిగా నడిచేవాళ్లతోనే. మే నెలలో ఏడు కాకముందే ఎండ చుర్రుమంటుంది, ఇక అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మన జిల్లాకి అసలైన వానాకాలం, ముసురు పట్టిందంటే నాలుగు రోజులు ఇంట్లోనే, అయిదో రోజు వాన వెలిసినా కాళ్లు కదలవు. పక్కింటివాళ్లో, ఆఫీసువాళ్లో ఒకరు తోడుంటే మాత్రం బాగా సాగుతుంది.

జిమ్‌కి వస్తే, కండ బలానికి దాన్ని మించింది లేదు, అది వయసు పెరిగేకొద్దీ అవసరం కూడా. కానీ కొత్తగా చేరినవాళ్లు మొదటి వారమే బరువులు ఎక్కువ ఎత్తి, మర్నాడు మెట్లు దిగలేక, ఆ నొప్పి తలుచుకునే మానేస్తారు. జిమ్మే కావాలనుకుంటే తేలిక బరువులతో మొదలుపెట్టండి, మీకిష్టమైన కథల ఆడియోనో, సీరియలో అక్కడ తప్ప ఇంకెక్కడా వినొద్దు, చూడొద్దు. అమెరికాలో కేటీ మిల్క్‌మన్ అనే పరిశోధకురాలి బృందం దీన్ని పరీక్షించి 2014లో ఫలితం ప్రచురించింది. మొదట్లో జనం బాగా ఎక్కువసార్లు వచ్చారు, మధ్యలో సెలవులు రాగానే ఆ ఊపు తగ్గిపోయింది. అందుకే ఊరెళ్లి తిరిగొచ్చిన మర్నాడే మళ్లీ మొదలుపెట్టాలి.

ఇంట్లో యూట్యూబ్ చూస్తూ చేసే వ్యాయామం ఏమీ లేనిదానికన్నా నయం. సైకిలు ఇష్టమున్నవాళ్లకి ఆదివారం పొద్దున మైపాడు రోడ్డు బాగుంటుంది.

ఇక షటిల్, అదీ డబుల్స్. నేను మొగ్గేది దీనికే, ఎందుకంటే ఇక్కడ వ్యాయామం చేస్తున్నామన్న ధ్యాసే ఉండదు. పందొమ్మిది ఇరవై మీద ఉన్నప్పుడు నెట్ మీద కాక్ తగిలి అటు పడుతుందా ఇటు పడుతుందా అని నలుగురూ ఊపిరి బిగబట్టి చూస్తారే, ఆ క్షణంలో చెమట ఎవరికీ గుర్తుండదు. ఓడిన జత బయటికి, కాచుకున్న జత లోపలికి, ఆ కాసేపు బెంచీ మీద ఊళ్లో కబుర్లన్నీ. పైగా నలుగురిలో ఒకరు రాకపోతే ఆటే ఆగిపోతుంది కాబట్టి పది నిమిషాలు ఆలస్యమైతే చాలు, "ఏందన్నా, ఇంకా రాలేదు?" అని ఫోనొస్తుంది. ఇండోర్ కోర్టు దొరికితే ముసురైనా ఒకటే, ఎండైనా ఒకటే.

కోపెన్‌హాగన్‌లో 8,577 మందిని పాతికేళ్ల దాకా గమనించిన అధ్యయనం 2018లో వచ్చింది. ఏమీ చేయనివాళ్లకన్నా షటిల్ ఆడేవాళ్లు సగటున 6.2 ఏళ్లు, జాగింగ్ చేసేవాళ్లు 3.2 ఏళ్లు, జిమ్‌కి పోయేవాళ్లు 1.5 ఏళ్లు ఎక్కువ బతికినట్టు అందులో తేలింది. ఆట వల్లే ఆయుష్షు పెరిగిందని దీంతో రుజువు కాదు, ఆడేవాళ్లు ముందునుంచే ఆరోగ్యంగా, కలిగినవాళ్లుగా ఉండి ఉండొచ్చు. నలుగురితో కలిసి ఆడటంలోనే ఏదో మేలుందని ఆ పరిశోధకులు అనుకున్నారు, నాకూ అదే అనిపిస్తుంది. పుల్లెల గోపీచంద్ పుట్టింది అప్పటి ప్రకాశం జిల్లా నాగండ్లలోనే, కాబట్టి ఈ ఆట మనకేం పరాయిది కాదు.

గుండె జబ్బు, బీపీ ఉన్నవాళ్లు డాక్టర్ని అడిగాకే కోర్టులో దిగండి. మిగతావాళ్లు ముందు మీ ఈడువాళ్లను ముగ్గురిని కూడగట్టి, ఆ తరువాత కోర్టు మాట్లాడుకోండి. ఖరీదైన రాకెట్ ఇప్పుడే వద్దు, ఆ డబ్బు జారని అడుగున్న మంచి బూట్ల మీద పెట్టండి. ఆట మొదలవగానే స్మాష్‌లకి పోకుండా అయిదు నిమిషాలు ఊరికే అటూ ఇటూ కొట్టుకుంటే చీలమండలు క్షేమంగా ఉంటాయి.